లారీ సామాను దూరం పంపాలంటే: కొన్ని లెక్కలు, కొన్ని జాగ్రత్తలు

(పూర్వ విద్యార్థి, ఎం.కాం. రెండవ సంవత్సరం)

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. కవితలూ, క్రమశిక్షణ మీద వ్యాసాలూ నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను కామర్స్ విద్యార్థిని, లారీ డ్రైవరు కొడుకుని. ఈ రెండూ కలిసే విషయం ఒకటి ఉంది. గేర్ బాక్సు, ఇంజను, క్యాబిన్ లాంటి పెద్ద సామాన్లను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తక్కువ ఖర్చుతో, పగలకుండా పంపడం ఎలా అన్నదే ఆ విషయం. మన హాస్టల్లో డ్రైవర్ల పిల్లలు, క్లీనర్ల పిల్లలు, ఆటోనగర్‌లో ముఠా పనికి వెళ్ళేవాళ్ళ పిల్లలు ఎప్పుడూ ఉంటారు. ఎండాకాలం సెలవుల్లో షెడ్లలో హెల్పర్లుగా చేరే తమ్ముళ్ళూ ఉంటారు. వాళ్ళకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

2017 మే నెల. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికి వచ్చాను. నాన్న అప్పటికి రెండేళ్ళ క్రితమే ఫైనాన్సులో ఒక పాత పది టైర్ల లారీ కొన్నారు. ఇరవై ఏళ్ళు క్లీనర్‌గా, డ్రైవర్‌గా చేసిన మనిషికి అది సొంత బండి. నూజివీడు మామిడికాయల లోడుతో ఢిల్లీ వెళ్తుంటే ఝాన్సీ దగ్గర గేర్ బాక్సు పోయింది. కాయలు ఆగవు కాబట్టి లోడు వేరే లారీకి మార్పించారు. ఆ ఖర్చు మాదే. ఝాన్సీలో గేర్ బాక్సు దొరకక కాదు, అక్కడ రొక్కం ఇవ్వాలి. విజయవాడ ఆటోనగర్‌లో నాన్నకు ఎరిగిన షాపు ఉంది, అరువు ఇస్తారు. అందుకని రూ.26,000కు బాగుచేసిన గేర్ బాక్సు ఒకటి ఇక్కడ మాట్లాడి, బాబాయి, నేను కలిసి పార్సిల్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు తీసుకెళ్ళాం.

గోతం చుట్టి, తాడు కట్టి ఇచ్చాం. బరువు 150 కిలోలు తూగింది. గుమాస్తా "విలువ ఎక్కువ రాస్తే చెక్‌పోస్టులో ఆపుతారు, పాత ఇనుము అని రాస్తాను" అన్నాడు. మంచిదే చెబుతున్నాడనుకున్నాం. రసీదు మీద ఇంగ్లీషులో పాత ఇనుప సామాను, విలువ రూ.500 అని రాసి, బాబాయి చేత సంతకం చేయించాడు. నాకు అక్షరాలు చదవడం వచ్చు, వాటి అర్థం తెలియదు. కిరాయి రూ.1,450 కట్టి ఇంటికొచ్చాం.

గేర్ బాక్సు పదకొండో రోజున ఝాన్సీ చేరింది. హైదరాబాదులో ఒకసారి, నాగపూర్‌లో ఒకసారి దించి ఎక్కించారట. విప్పి చూస్తే ఇంజనుకు బిగించే వైపు చెవి విరిగి ఉంది, షాఫ్టు ముందు భాగం దెబ్బతింది. నాన్న అక్కడే రొక్కం అప్పు చేసి వేరేది వేయించుకున్నారు. బండి మొత్తం పందొమ్మిది రోజులు ఆగిపోయింది. తిరిగొచ్చాక నాన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్ళి అడిగితే, ఆ రసీదు తీసి "ఐదు వందల సరుకు, ఐదు వందలు తీసుకో" అన్నారు. నాన్న తీసుకోలేదు. రెండు వాయిదాలు తప్పాయి, మరుసటి ఏడాది లారీ అమ్మేశాం. అక్క ఆ సంవత్సరం డిగ్రీలో చేరలేదు. దానికి ఈ గేర్ బాక్సు ఒక్కటే కారణమని చెప్పను. అదీ ఒకటి.

అప్పుడు మేము చేసిన పనుల్లో ఏవి తప్పో ఎం.కాం.లో సరుకు రవాణా పాఠం చదివినప్పుడు ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. మొదటి తప్పు అసలు లెక్కలోనే లేదు: మొత్తం గేర్ బాక్సు పంపవలసిన అవసరమే లేదు. నాన్న తరువాత చెప్పారు, పోయినవి మూడో గేరు చక్రం, దాన్ని మోసే షాఫ్టు, రెండు బేరింగులు. అన్నీ కలిపి పాతిక కిలోలు ఉండవు. రోడ్డు పక్క విప్పి బిగించే మేస్త్రీ దొరకడం కష్టం, నిజమే. కానీ ఝాన్సీ పెద్ద ఊరు. ఫోన్లో అడిగి ఉంటే దొరికేవాడేమో. కిరాయి బేరమాడే ముందు "ఇందులో పోయింది ఏది? అదొక్కటే పంపితే సరిపోతుందా?" అని మెకానిక్కును అడగాలి. దీనికంటే పెద్ద పొదుపు ఇంకొకటి నాకు కనపడలేదు.

మొత్తం పంపక తప్పదనుకుందాం. ఎలా పంపాలి?

లారీ మొత్తం మనమే మాట్లాడుకోవడం అన్నిటికంటే ఖరీదు. ఒక్క గేర్ బాక్సు కోసం ఎవరూ ఆ పని చేయరు. మన రాష్ట్రంలోపు, పక్క ఊళ్ళకు అయితే ఆర్టీసీ కార్గో ఉంది, చిన్న శాల్తీలకు బాగుంటుంది. దేశం దాటినంత దూరానికి మాత్రం మూడే దారులు: రైలు పార్సిల్, పార్సిల్ ట్రాన్స్‌పోర్టు, తెలిసిన లారీ.

రైలు త్వరగా పోతుంది. విజయవాడ, ఝాన్సీ రెండూ చెన్నై – ఢిల్లీ మెయిన్ లైను మీదే ఉన్నాయి. రైలు ఒకటిన్నర రోజులోపే చేరుతుంది. అయితే ఒక్కో శాల్తీ 100 కిలోలు దాటినా, కొలతలు మరీ పెద్దవైనా దాన్ని భారీ సామానుగా కట్టి కిరాయి ఎక్కువ వేస్తారు. రైలు ఎక్కువసేపు ఆగని స్టేషన్లకు బరువైనవి తీసుకోరు. ఇక్కడ స్టేషనుకు తీసుకెళ్ళే ఆటో, అక్కడి నుంచి తెచ్చుకునే ఆటో, రెండు చోట్లా కూలీ మనవే. అవన్నీ కలిపి చూసుకోవాలి. సామాను దిగాక వెంటనే విడిపించుకోకపోతే రోజుల లెక్కన అదనపు రుసుము పడుతుంది.

పార్సిల్ ట్రాన్స్‌పోర్టులో రకరకాల మనుషుల సామాన్లు ఒకే లారీలో వెళ్తాయి. దీన్నే పార్ట్ లోడ్ అంటారు. కిరాయి కిలోల లెక్కన ఉంటుంది. ఇక్కడే చాలామంది మోసపోయామనుకుంటారు. నిజానికి అది మోసం కాదు, మనకు తెలియని లెక్క.

లారీకి రెండు హద్దులు ఉంటాయి. ఒకటి మోయగల బరువు, రెండోది లోపల ఉన్న చోటు. పత్తి, పరుపులు, అప్పడాల డబ్బాలు ఎక్కిస్తే బరువు నిండకముందే చోటు నిండిపోతుంది. సిమెంటు, ఇనుప చువ్వలు ఎక్కిస్తే చోటు సగం ఖాళీగా ఉండగానే బరువు నిండిపోతుంది. అందువల్ల ట్రాన్స్‌పోర్టు వాళ్ళు కాటా బరువు ఒకటి, చోటును బట్టి కట్టిన బరువు ఒకటి చూసి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి వేస్తారు. ఒక ఘనపుటడుగు చోటుకు ఇన్ని కిలోలని ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క ఉంటుంది. 10 కిలోలు కట్టేవాళ్ళు ఉన్నారు, 6 కిలోలకు ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు.

మా గేర్ బాక్సునే తీసుకోండి. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు పెట్టెలో పెడితే 12 ఘనపుటడుగులు. పదితో హెచ్చిస్తే 120 కిలోలు. కాటా బరువు 150. కాబట్టి 150కే కిరాయి. ఇలాంటి దానికి మంచి చెక్క పెట్టె కట్టించినా చోటు వల్ల కిరాయి పెరగదు, చెక్క బరువు మాత్రమే కలుస్తుంది. మేము గోతం చుట్టి మిగుల్చుకున్నది ఎంత? మహా అయితే ఐదారు వందలు.

ఇప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ. 2024 జనవరిలో మా బాబాయి తమిళనాడులోని నామక్కల్‌లో ఒక పాత లారీ క్యాబిన్ కొన్నారు. నామక్కల్ లారీలకు, బాడీ కట్టే షెడ్లకు పేరున్న ఊరు. కోడిగుడ్లకూ అంతే పేరు. సీట్లు, అద్దాలు, తలుపులు ఊడదీసిన ఉత్త రేకు క్యాబిన్ అది, కాటా మీద 280 కిలోలు. బాబాయి "మూడు వందల కిలోలే కదా" అని ధైర్యంగా పార్సిల్ ఆఫీసుకు వెళ్ళారు. వాళ్ళు టేపు పెట్టి కొలిచారు: 7 అడుగులు, 5 అడుగులు, 6 అడుగులు. మొత్తం 210 ఘనపుటడుగులు. పదితో హెచ్చిస్తే 2,100 కిలోలు! బాబాయి అక్కడి నుంచే నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, వీళ్ళు గాలికి కూడా కిరాయి అడుగుతున్నార్రా" అన్నారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఆరు కిలోల లెక్కకు బేరమాడినా 1,260 కిలోలు అవుతుంది.

నేను ఆయనను ఒకటే అడిగాను: "మనవైపు నుంచి అక్కడికి ఏ లోడు వస్తుంది?" బాబాయి వెంటనే "మొక్కజొన్న" అన్నారు. నామక్కల్ కోళ్ళ ఫారాలకు మన జిల్లాల నుంచి మొక్కజొన్న వెళ్తుంది. దాన్ని దించిన లారీలు ఖాళీగా తిరిగి రావు, వాపసు లోడు కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఎదురుచూసిన ప్రతి రోజూ ఓనరుకు నష్టమే. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. బాబాయి బ్రోకరు ఆఫీసుకు వెళ్ళి కనుక్కుంటే, ఇనుప సామాను కొంచెం ఎత్తుకుని విజయవాడ వస్తున్న లారీ దొరికింది. బరువైన సరుకు అడుగున పరిచి ఉంది, పైన చోటంతా ఖాళీ. క్యాబిన్ దాని మీద కూర్చుంది. పార్సిల్ ఆఫీసు అడిగిన దానిలో మూడో వంతు కంటే తక్కువకు వచ్చింది. మధ్యలో ఎక్కడా దించలేదు కాబట్టి ఒక్క సొట్ట పడలేదు.

దీనినిబట్టి తమ్ముళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఏమంటే, బరువు ఎక్కువ, చోటు తక్కువ ఉన్న సామానుకు (గేర్ బాక్సు, ఇంజను, క్రౌన్) తేలిక సరుకు నిండిన లారీ చూడాలి. చోటు ఎక్కువ, బరువు తక్కువ ఉన్న దానికి (క్యాబిన్, బంపరు, డీజిల్ ట్యాంకు) ఇనుమో, సిమెంటో వేసుకున్న లారీ చూడాలి. రెండు సందర్భాల్లోనూ మనం కొనేది ఆ లారీ ఎలాగూ వదిలేసుకునే భాగాన్నే. అందుకే చవక. అయితే బరువు హద్దు నిండిన లారీ మీద ఇంకా ఎక్కించమని ఒత్తిడి చేయకూడదు. కేసు రాస్తే జరిమానా పడుతుంది, పైగా బ్రేకులు ఎవరి మాటా వినవు. సీజను కూడా చూసుకోవాలి. మామిడి రోజుల్లో ఉత్తరాదికి వెళ్ళే లారీలకు గిరాకీ ఎక్కువ, కిరాయి ఎక్కువ. అదే లారీలు తిరిగి వచ్చేటప్పుడు తక్కువకు ఒప్పుకుంటాయి. దూరం ఒకటే అయినా పోయే కిరాయి, వచ్చే కిరాయి ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

తెలిసిన లారీలో పంపితే రసీదు అక్కరలేదని అనుకోకండి. కనీసం షాపు బిల్లు, పంపేవారి పేరు, అందుకునేవారి పేరు, సామాను వివరం, లారీ నంబరు కాగితం మీద ఉండాలి. దారిలో ఎవరైనా ఆపి అడిగితే చెప్పుకోవాల్సింది డ్రైవరే. ఆ డ్రైవరు మన నాన్నలాంటివాడే.

ఇక ప్యాకింగు సంగతి. ఇది పుస్తకంలో లేదు, నాన్న దగ్గర, ఆటోనగర్‌లో ముఠా మేస్త్రీల దగ్గర తెలుసుకున్నాను. ముందు ఆయిల్ పూర్తిగా దించేయాలి. నూనె కారే సామాను పక్కవాళ్ళ సరుకు పాడుచేస్తుంది, చాలాచోట్ల తీసుకోరు. డీజిల్ ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టాలి. బ్యాటరీ అందులో పెట్టి పంపకూడదు. రంధ్రాలన్నిటికీ చెక్క బిరడాలో, గుడ్డో కొట్టి దుమ్ము పోకుండా మూయాలి. బయటకు పొడుచుకు వచ్చిన షాఫ్టుకు కొంచెం పెద్ద సైజు ప్లాస్టిక్ పైపు ముక్క తొడగాలి. మాది విరిగింది సరిగ్గా అక్కడే.

అన్నిటికంటే ముఖ్యం అడుగు. రెండు మందపాటి దుంగల మీద పలకలు కొట్టి, సామానును దానికి బోల్టులతో బిగించాలి. తాడు సాగుతుంది, బోల్టు సాగదు. దుంగల మధ్య సందు ఉంటే ట్రాలీ కిందికి దూరుతుంది. ట్రాలీ దూరితే మనుషులు ఎత్తరు. ఎత్తకపోతే జారవిడవరు. 150 కిలోల ఇనుప ముద్దను నలుగురు పట్టుకోవడానికి చెవులో, షాఫ్టో తప్ప పట్టు ఏదీ లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మా గేర్ బాక్సు విరిగినప్పుడు నేను ఆ కూలీలను బాగా తిట్టుకున్నాను. డిగ్రీ రోజుల్లో రెండు సెలవులు నేనే ఆ పనికి వెళ్ళాక తిట్టడం మానేశాను.

చిరునామా, ఫోన్ నంబరు పెట్టె మీద ఒకచోట, లోపల ఒకచోట రాయాలి. తెలుగులో రాస్తే ఝాన్సీలో ఎవరూ చదవరు, ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాయాలి. పెట్టె మూసేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోవాలి. ఇప్పుడు అందరి చేతిలో ఫోన్లు ఉన్నాయి, ఖర్చు లేని పని.

చివరిగా కాగితాలు. నాకు ఎక్కువ బాధ కలిగించిన పాఠం ఇదే.

ట్రాన్స్‌పోర్టు వాళ్ళు ఇచ్చే రసీదును మనవైపు ఎల్.ఆర్. అంటారు, ఉత్తరాదిలో బిల్టీ అంటారు. 1865 నాటి పాత క్యారియర్ల చట్టం స్థానంలో 2007లో రోడ్డు రవాణా క్యారియర్ల చట్టం వచ్చింది. అది 2011 మార్చి 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం సరుకు ఇచ్చేటప్పుడు మనం సరుకు వివరం, విలువ తెలిపే పత్రం ఇవ్వాలి, వాళ్ళు రసీదు ఇవ్వాలి. సరుకు పోయినా, పాడైనా వాళ్ళు ఇవ్వవలసిన పరిహారానికి మామూలుగా ఒక హద్దు ఉంది: కట్టిన కిరాయికి పది రెట్లు, అదీ మనం రాసిన విలువను దాటకుండా. అంతకంటే ఎక్కువ భద్రత కావాలంటే ముందుగానే ఎక్కువ రేటు కట్టి ఒప్పందం రాయించుకోవాలి.

ఇప్పుడు మా లెక్క చూడండి. కిరాయి రూ.1,450. పది రెట్లు రూ.14,500. మేము ఉన్న విలువ రూ.26,000 రాసి ఉంటే కనీసం రూ.14,500 అడిగే హక్కు ఉండేది. రూ.500 అని రాసిన ఆ ఒక్క గీత మా హక్కును ఐదు వందలకు కుదించింది. గుమాస్తా రాశాడు, మేము సంతకం పెట్టాం. రైలులోనూ ఇలాంటి హద్దే ఉంది. విలువ ప్రకటించి దానికి తగ్గ అదనపు రుసుము కట్టకపోతే పార్సిల్‌కు కిలోకు రూ.50 చొప్పున మాత్రమే బాధ్యత. 150 కిలోలకు రూ.7,500. అందుకని ఖరీదైన సామానుకు ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ గురించి విచారించడం మంచిది. పాత సామానుకు షరతులు ఉంటాయి, విరగడం పాలసీలో కలుస్తుందో లేదో ముందే అడగాలి.

రసీదు మీద "ఓనర్స్ రిస్క్" అని అచ్చువేసి ఉంటుంది. దాన్ని చూపించి బెదిరిస్తారు. ఆ మాట రాసినంత మాత్రాన క్యారియర్ తన నిర్లక్ష్యానికి బాధ్యత తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. నిర్లక్ష్యం జరిగిందని మనం రుజువు చేయవలసిన పని కూడా లేదు.

ఇప్పుడు చెక్‌పోస్టుల భయం లేదు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చాక అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకు విలువ రూ.50,000 మించితే ఈ-వే బిల్లు ఉండాలి. 2021 నుంచి మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇస్తున్నారు. కాబట్టి విలువ తగ్గించి రాయమని ఎవరైనా సలహా ఇస్తే, ఆ సలహా వల్ల లాభం ఎవరికో ఆలోచించండి.

సామాను అందుకునే మనిషికి ముందే చెప్పండి: పెట్టె విరిగి కనిపిస్తే "బాగా అందింది" అని సంతకం పెట్టవద్దు. విరిగినట్టు డెలివరీ కాగితం మీదే రాసి, ఫోటో తీసి, అప్పుడు సంతకం పెట్టాలి. తరువాత బుక్ చేసిన రోజు నుంచి 180 రోజులలోపు ట్రాన్స్‌పోర్టుకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. ఇది లేకుండా కోర్టుకు వెళ్ళినా చెల్లదు. నోటిమాటగా అడిగి వచ్చేయడం నోటీసు కాదు. అందినట్టు రుజువు ఉండేలా పోస్టులో పంపాలి. రైలు అయితే ఆరు నెలలలోపు. నాన్న మూడుసార్లు ఆఫీసు మెట్లెక్కారు, ఒక్కసారీ కాగితం ఇవ్వలేదు. ఇవ్వాలని ఆయనకు చెప్పేవాళ్ళు లేరు. నేను అప్పుడు పాలిటెక్నిక్ ఎంట్రన్సు పుస్తకాలు వెతుక్కుంటున్నాను.

ఇప్పుడు నాన్న వేరేవాళ్ళ లారీ నడుపుతున్నారు. ఎక్కడ ఎల్.ఆర్. ఇచ్చినా ఫోటో తీసి నాకు పంపుతారు. నేను చదివి చెప్పాకే సంతకం పెడతారు. క్లాసులో ఉన్నప్పుడు ఫోన్ మోగితే మా లెక్చరర్ గారికి విషయం తెలుసు, బయటికి వెళ్ళనిస్తారు.

2017 నాటి ఆ రసీదు నా దగ్గరే ఉంది. వార్షికోత్సవం రోజు తెస్తాను. మీ ఇళ్ళల్లో పాత ఎల్.ఆర్.లు, రైలు పార్సిల్ రసీదులు ఉంటే మీరూ తీసుకురండి. సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమాలు మొదలయ్యేలోపు స్టడీ హాల్లో కూర్చుని వాటిని గీతగీతగా చదువుదాం.